కట్టలేమండీ

కుర్చీలు వీధిలో పడ్డాయి.

ఎర్ర తొడుగులు, వెనక బంగారు రంగు రిబ్బను ముళ్ళు. మొన్న త్రిమూర్తులు సావిట్లో వరసగా వేసినవి అవే. కీర్తి ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి గేటు అవతలికి తోసింది. ఆఖరిది గుమ్మానికి తగిలి కాలు విరిగింది.

"అయ్యయ్యో! సప్లయర్స్ వాళ్ళవే అవి! దివ్య పెళ్ళికి తెచ్చినవే!" అచ్చాయమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"తెలుసత్తా. మనింట్లో కుర్చీలు లేవని ఊరంతటికీ తెలుసు. వచ్చినాయన ఒక్కడికే తెలీలేదు."

త్రిమూర్తులు అరుగు మీద కూర్చున్నాడు. కూతురి ఫోను పక్కనే ఉంది. పొద్దున్నే వచ్చిన కబురు దాంట్లోనే ఉంది. విశాఖ వైపు యూనివర్సిటీ వాళ్ళు పంపింది. దరఖాస్తు ఫీజు మినహాయించడం కుదరదట. మనిషిని పంపి ఇల్లు చూసుకున్నారట. కుటుంబానికి ఏ లోటూ లేదట.

ఏ లోటూ లేదు. ఆ మాట చదివాక త్రిమూర్తులు ఫోను బోర్లా పెట్టాడు.

మూడేళ్ళు పాలిటెక్నిక్‌లో చదివింది కీర్తి. ఆ డిప్లొమాతో ఇంజనీరింగు రెండో ఏడులోకి వెళ్ళాలని దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు ఫీజు పెద్దదేం కాదు. ఇంటి సంగతి ఎలా ఉన్నా అదెలాగో పుట్టేది. కానీ ఆ యూనివర్సిటీ పద్ధతి వేరు. ఫీజు కట్టలేనివాళ్ళని తేలితే దరఖాస్తూ ఊరికే తీసుకుంటారు, తర్వాత చదువు ఖర్చూ వాళ్ళే భరిస్తారు. కట్టినవాళ్ళని కట్టగలిగినవాళ్ళలో వేస్తారు. ఇక మొదటినుంచి చివరిదాకా వాళ్ళే కట్టుకోవాలి. ఆ మొత్తం త్రిమూర్తులు కలలో కూడా చూడలేదు.

అందుకే ఫీజు కట్టకూడదు. కట్టలేమని చెప్పాలి. ఇంతే చేయవలసింది.

"ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చి పంపమంటావా?" అంది అచ్చాయమ్మ.

"నాతో చదివిన లిడియా వాళ్ళమ్మ అదే చేసింది. గ్లాసుడు నీళ్ళిచ్చి, పనికి పొద్దు పోతోంది బాబూ, మా దగ్గరేం లేదు, రాసుకోండి అందట. వాళ్ళకి వచ్చేసింది."

"వాళ్ళతో మనకి పోలికేంటే?"

"నిజమే. పోలిక లేదు. వాళ్ళింట్లో ఫ్రిజ్జుంది."

అచ్చాయమ్మ త్రిమూర్తులు అక్కగారు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చినప్పటినుంచీ వంటిల్లు ఆవిడదే. ఆ వంటింట్లో ఏమున్నా లేకపోయినా వచ్చినవాడు తృప్తిగా తేన్చి వెళ్ళాలి. ఆవిడకి తెలిసిన ధర్మం అదొక్కటే. మొన్న పక్కింటి పెళ్ళిసామానులోంచి కుర్చీలు తెచ్చింది, కూలరు తెచ్చింది, నేల మీద పరిచే ఎర్ర పట్టా తెచ్చింది. పనసపొట్టు కూర చేసింది. రొయ్యలు వేయించింది. కోడి పులుసు పెట్టింది. ఆత్రేయపురం పూతరేకులు ఎవరిచేతో తెప్పించింది.

"ఆయన ఎంత సంతోషపడ్డారే! మా పెళ్ళిలో కూడా ఇలాంటి భోజనం తినలేదండీ అన్నారు."

"ఆయ్. అదే రాసుకుని పోయేడు."

కీర్తి కుర్చీల సంగతి వదిలేసి అరుగు దగ్గరకొచ్చింది. ఆ పిల్లకి తల్లి గొంతు వచ్చింది. కోపం మాత్రం తండ్రిది.

"అత్త వంటే చేసింది. నువ్వేం చేసేవు నాన్నా?"

త్రిమూర్తులు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"ఆయన నిన్నే అడిగేడు. ఏవండీ, ఈ ఫీజు మీరు కట్టలేని పరిస్థితేనా అని. నువ్వేమన్నావు?"

"గుర్తులేదు."

"నాకుంది. కట్టలేమని ఎవరన్నారండీ, ఏదో పిల్ల సరదా పడింది అన్నావు. నా చదువు సరదా!"

"పరాయివాడి ముందు ఏం చెప్పమంటావు? చేతులు చాపి నిలబడమంటావా?"

"బియ్యం కార్డుంటే ఆ పరాయివాడు మన గుమ్మం ఎక్కేవాడే కాదు. కార్డు జిరాక్సు పెడితే సరిపోయేది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఉంది కార్డు. అమ్మ పోయేక వేలిముద్ర వెయ్యమని కబురు మీద కబురు పెట్టేరు. నువ్వు వెళ్ళలేదు. తీసేసేరు."

"ఆ బియ్యం మన ఇంట్లో తినం."

కీర్తి నవ్వింది. చూడడానికి బాగున్న నవ్వు కాదది.

"తిన్నావు నాన్నా. అమ్మ సన్నబియ్యంలో కలిపి వండేది. ఏళ్ళ తరబడి. నీకు చెప్పలేదు."

త్రిమూర్తులు అక్కగారి వైపు చూశాడు. అచ్చాయమ్మ తల తిప్పుకుని, విరిగిన కుర్చీ కాలు ఏరడానికి వీధిలోకి వెళ్ళింది.

ఆవిడకీ తెలుసన్నమాట. తనకొక్కడికే తెలీదు. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అయినా వచ్చింది.

"ఏంటన్నయ్యా, కుర్చీలు రోడ్డున పడ్డాయి?"

కృష్ణమోహన్ గేటు దగ్గర నిలబడ్డాడు. తమ్ముడే. రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడ. అటువైపు మేడ, ఇటువైపు పెంకుటిల్లు. కాట్రేనికోనలో రొయ్యల చెరువులున్నాయి అతనికి. కూతురు దివ్య పెళ్ళికి వేసిన పందిరి నీడ గోడ దాటి ఇటువైపు కూడా పడుతోంది. ఆ నీడలో కూర్చోవలసి వస్తోందని త్రిమూర్తులు నాలుగు రోజులుగా అరుగు మీద చోటు మార్చుకుంటున్నాడు.

"కాలు విరిగింది బాబాయ్. నేనే విరక్కొట్టేను," అంది కీర్తి.

"విరిగితే విరిగింది లేవే. సంగతేంటి? మీ అరుపులు మేడ మీదకి వినబడుతున్నాయి. మధ్యాహ్నం కె.గంగవరం నుంచి పెళ్ళివారు వస్తున్నారు. గణపతి గారు, వాళ్ళ అన్నదమ్ములు. వాళ్ళ చెవిన పడితే బాగుంటుందా? పెళ్ళికూతురి పెదనాన్న, మాకు గతి లేదు మొర్రో అని యూనివర్సిటీకి అర్జీ పెట్టుకున్నాడట!"

"నీ వియ్యంకుడి చెవులు నువ్వు కాసుకో," అన్నాడు త్రిమూర్తులు.

"ఆ ఫీజేదో నేను కట్టేస్తాను. పీడా పోతుంది."

"వద్దు బాబాయ్!" కీర్తి గేటుకి అడ్డంగా వచ్చింది. "దణ్ణం పెడతాను. ఎవరూ కట్టకూడదు. కడితే నేను ఉన్నవాళ్ళ లెక్కలోకి పోతాను. ఇంక చదువు మొత్తం మేమే కట్టుకోవాలి. తెలిసిందా? కడితే నా పని అయిపోయినట్టే."

"తెలిసింది, తెలిసింది. ఇంటిపేరు మాత్రం మీ ఒక్కళ్ళదీ కాదు. అది కూడా తెలుసుకో."

"నీ డబ్బు ఈ గుమ్మం తొక్కితే ఊరుకోను," అన్నాడు త్రిమూర్తులు. లేవకుండానే అన్నాడు.

"నా కుర్చీలు తొక్కేయి, నా రొయ్యలు తొక్కేయి. డబ్బుకేనా మడి?"

అనేసి వెళ్ళిపోయాడు. పాలేరు ఎవరో వచ్చి కుర్చీలు ఎత్తుకుపోయాడు.

తమ్ముడింటి మంచినీళ్ళు త్రిమూర్తులు ముట్టి రెండేళ్ళు దాటింది. భార్య కృష్ణవేణి పెద్దకర్మ ఆ ఇంట్లోనే జరిగింది. పెంకుటింట్లో చోటు చాలదని అక్కడ పెట్టారు. భోజనాలయ్యాక బంధువులందరూ ఉండగా, కృష్ణమోహన్ ఆకు వక్క నములుతూ అన్నాడు. "వదిన మందుల ఖర్చుతో తోటంతా ఊడ్చుకుపోయింది. పోనీలే, ఇప్పటికైనా అన్నయ్యకి ఒక ఖర్చు తగ్గింది." నవ్వుతూ అన్నాడు. కొందరు నవ్వారు కూడా. నవ్విన వాళ్ళ పేర్లు త్రిమూర్తులుకి ఇప్పటికీ వరసగా వస్తాయి.

ఫోను మోగింది. కీర్తి తీసింది.

"చెప్పవే లిడియా... ఎక్కడ?... ఇవాళేనా?... నాన్న కూడానా?" ఆ పిల్ల ముఖం మారింది. "వస్తాం. ఉండమని చెప్పు."

ఫోను పెట్టేసి తండ్రి ఎదురుగా నిలబడింది.

"మొన్న మనింటికొచ్చిన విజయ్ కుమార్ గారు ఇవాళ రావులపాలెంలో ఉన్నారట. కల్యాణ మండపంలో అడ్మిషన్ల క్యాంపు. కాదన్నవాళ్ళు వెళ్ళి చెప్పుకుంటే మళ్ళీ చూస్తారట. ఇవాళే ఆఖరు. పిల్లలు చెబితే చాలదట. తండ్రి వచ్చి నోటితో చెప్పాలట."

త్రిమూర్తులు లోపలికి వెళ్ళి తెల్లచొక్కా తీశాడు. ఇస్త్రీ చేసింది.

"అది వద్దు నాన్నా."

"వేషం వెయ్యమంటావా?"

"మొన్న వేసింది వేషం."

చొక్కా మళ్ళీ దండెం మీద పడింది. తోటలోకి వేసుకెళ్ళే చొక్కా తొడుక్కున్నాడు. కొబ్బరి పీచు మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోనిది. ఒకప్పుడు సొంత తోటలో కాయ దింపించిన మనిషి. ఇప్పుడు ఇతరుల తోటల్లో దింపిస్తున్నాడు. అదే చొక్కా.

బస్సులో కూతురు కిటికీ దగ్గర కూర్చుంది. రావులపాలెం దాపుల్లోకి వచ్చాక అరటి గెలల లారీలు అడ్డం తగిలి బస్సు ఆగింది. అప్పుడు నోరు విప్పింది.

"ఒక్క మాట చాలు. కట్టలేమండీ అను. ఇంకేం మాట్లాడకు. టీ తాగుతారా అని అడక్కు. మా ఊరొస్తే మా ఇంటికి రండి అనకు."

"సరే."

"ఏదీ, అను."

"ఇక్కడా? బస్సులోనా?"

కీర్తి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ముందు సీటు వెనక భాగం చూస్తూ త్రిమూర్తులు ఆ మాటని నోట్లోనే తిప్పాడు. చిన్న మాట. మింగడానికీ రాలేదు, ఉమ్మడానికీ రాలేదు.

కల్యాణ మండపంలో బల్లలు వేసి ఉన్నాయి. పిల్లలూ తల్లిదండ్రులూ కిటకిటలాడుతున్నారు. విజయ్ కుమార్ దూరం నుంచే చూసి లేచి నిలబడ్డాడు.

"రండి రండి త్రిమూర్తులు గారూ! ఒరేయ్, కుర్చీ వెయ్యండ్రా! మొన్న వీరింట్లో పనసపొట్టు కూర తిన్నానండీ, ఇప్పటికీ ఆవపెట్టిన ఘాటు ముక్కులోనే ఉంది." పక్క బల్లవాళ్ళకి కూడా వినిపించేలా చెప్పాడు. వాళ్ళు నవ్వుతూ త్రిమూర్తులు వైపు చూశారు.

"ఏదో మాకు తోచినంత అండీ," అనేశాడు త్రిమూర్తులు. "ఈసారి వచ్చేముందు ఒక్క ఫోను చేస్తే..."

కీర్తి తండ్రి వైపు చూసింది. ఆ చూపుకి మాట మధ్యలో ఆగిపోయింది.

"చెప్పండి, ఏం పని మీద వచ్చేరు?"

"కట్టలేమండీ."

చాలా మెల్లిగా వచ్చింది. విజయ్ కుమార్ చెవి దగ్గరగా పెట్టాడు.

"ఏంటండీ?"

"ఫీజు. కట్టలేమండీ."

అతను నవ్వేశాడు. "మీ గోదావరి వాళ్ళు మర్యాదకి ఏదైనా అంటారండీ. ఉన్నా లేదంటారు, కడుపు నిండా పెట్టి ఏం పెట్టలేదంటారు. నేను కళ్ళారా చూసేను కదా."

త్రిమూర్తులు కూర్చున్న కుర్చీలోంచి లేచాడు. లేచి నిలబడితేగాని ఆ మాటలు రావనిపించింది.

"మీరు చూసిన కుర్చీలు మావి కావు. పక్కింటి పెళ్ళివి. కూలరు మాది కాదు. కింద పరిచిన పట్టా మాది కాదు. రొయ్యలు మా తమ్ముడి చెరువువి, మా అక్క వెళ్ళి అడిగి తెచ్చింది. కోడి కూడా అంతే. మీరు తిన్న కంచం కూడా మాది కాదు. పనసపొట్టు కూరొక్కటీ మాది. ఆ చెట్టొక్కటీ ఉంది. తోట లేదు. దాని తల్లి లేదు. నాకు వచ్చేది తిండికి చాలుతుంది, చదువుకి చాలదు. నేను కట్టలేను. చాలా, ఇంకా చెప్పనా?"

పక్క బల్ల దగ్గర ఎవరో తండ్రి తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. అక్కడికేదో అంటుకుంటుందన్నట్టు.

విజయ్ కుమార్ మొహం ఎర్రబడింది. జాలితో కాదు.

"మరి ఆవేళే చెప్పొచ్చు కదండీ! నాచేత రిపోర్టు రాయించి, ఇప్పుడొచ్చి అందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారు."

"మీరు అడిగి వడ్డించుకున్నారు కదండీ, మారు."

"నాన్నా!" అంది కీర్తి.

అతను కంప్యూటరు తనవైపు తిప్పుకుని పిల్ల పేరు కొట్టాడు. చూశాడు. మళ్ళీ కొట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేంటమ్మా? ఫీజు కట్టేసేరు కదా."

"ఎవరు?"

"ఇందాకే పడింది. మీరు దారిలో ఉండి ఉంటారు. కృష్ణమోహన్ అని ఉంది. ఎవరాయన?"

కీర్తి తెర వైపు వంగి ఆ పేరు చదివింది.

దరఖాస్తు కీర్తి నింపింది దివ్య లాప్‌టాప్‌లో. ఈ ఇంట్లో కంప్యూటరు లేదు కాబట్టి. పాస్‌వర్డు దాంట్లోనే ఉండిపోయింది. కడితే ఏమవుతుందో పొద్దున గేటు దగ్గర ఆ పిల్లే విడమర్చి చెప్పింది. తెలిసింది తెలిసింది అన్నాడు. తెలిసే కట్టాడు.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అంది కీర్తి.

"నా చేతిలో ఏం లేదమ్మా. ఫీజు పడగానే దరఖాస్తు అటువైపు వెళ్ళిపోతుంది. ఒకటే దారి. కట్టినాయనే మా ఆఫీసుకి ఫోను చెయ్యాలి. పొరపాటున కట్టేను, వాళ్ళు కట్టలేరు, ఆ డబ్బు వాళ్ళది కాదు అని సొంతంగా చెప్పాలి. రికార్డు చేసుకుంటారు. సాయంత్రం ఆఫీసు మూసేలోపు చెప్పాలి. రేపంటే లేదు."

ఫోను నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు. త్రిమూర్తులు వైపు చూడకుండా ఇచ్చాడు.

మండపం మెట్ల మీదే కీర్తి బాబాయికి ఫోను చేసింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఫోను ఆపేసి ఉంది.

"నువ్వెళ్ళాలి," అంది.

"ఆ ఇంటికా?"

"ఆ ఇంటికే."

"నేను ఆ గుమ్మం ఎక్కనని..."

"తెలుసు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఇప్పుడెక్కు."

తిరిగి వచ్చేసరికి పందిట్లో భోజనాలు నడుస్తున్నాయి. కార్లు వీధి చివరిదాకా ఆగి ఉన్నాయి. కె.గంగవరం పెళ్ళివారు బల్లలకి అటు వరసలో కూర్చున్నారు. నడిమధ్య లావుపాటి మనిషి, మెడలో పులిగోరు గొలుసు. గణపతి గారై ఉంటాడు.

కీర్తి గేటు దగ్గరే ఆగిపోయింది. త్రిమూర్తులు మరకల చొక్కాతోనే లోపలికి నడిచాడు.

కృష్ణమోహన్ చూశాడు. ఒక్క క్షణం గతుక్కుమన్నాడు. మరుక్షణం చేతులు చాపి ఎదురొచ్చాడు.

"రా అన్నయ్యా, రా! బావగారూ, మా అన్నయ్యండీ. పొద్దున్నుంచీ తోటలో దింపు దగ్గరే ఉండిపోయేడు. పనంటే ఒళ్ళు తెలీదు." భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పట్టు గట్టిగా ఉంది. "కామేశ్వరీ, అన్నయ్యకి ఆకు వెయ్యి!"

"నేను తినడానికి రాలేదు. నీతో మాట్లాడాలి."

"తిన్నాక మాట్లాడుకుందాం. పెళ్ళింట్లో తినకుండా మాట్లాడతారా ఎవరైనా?"

పదిమంది చూస్తున్నారు. గణపతి గారు ఆకు ముందు చెయ్యి ఆపి మరీ చూస్తున్నాడు. త్రిమూర్తులు కూర్చోవలసి వచ్చింది. అరిటాకు పడింది. కామేశ్వరి తమ్ముడి భార్య అయినా మాట్లాడి రెండేళ్ళయింది. "తీసుకోండి బావగారూ," అంటూ పప్పు వేసింది, ముక్కల పులుసు వేసింది, బూరె వేసింది, బూరె మధ్యలో వేలు గుచ్చి నెయ్యి పోసింది. ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

మొన్న విజయ్ కుమార్‌కి తామూ ఇలాగే వడ్డించారు. ఆ మనిషి నోరు ఎలా మూతపడిందో ఇప్పుడు తెలిసింది.

కృష్ణమోహన్ పక్కకి వంగాడు, పులుసు కావాలా అని అడుగుతున్నవాడిలా.

"ఎందుకు కట్టేవు?" అన్నాడు త్రిమూర్తులు, పెదవి కదపకుండా.

"నువ్వు రావులపాలెంలో వందమంది ముందు ముష్టి అడుగుతావు. అందులో కె.గంగవరం వాడు ఒక్కడుంటే చాలు. రేపు నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకోగలదా?"

"నా కూతురి సంగతో?"

"ఏదో ఒక డిగ్రీ చదువుతుంది లే. నేను చూస్తాను."

"ఫోను చెయ్యి. మా అన్నయ్య కట్టలేడు అని చెప్పు. ఇదిగో నంబరు."

"ఆ మాట నా నోటితో రాదు."

"నాక్కూడా రాదనుకున్నాను. పొద్దున వచ్చింది. చచ్చిపోలేదు."

"నువ్వు వేరు అన్నయ్యా. నీకిప్పుడు పోయేదేముంది?" కృష్ణమోహన్ నడుం నిటారు చేసి గొంతు పెంచాడు. "తిను తిను! బూరె చల్లారిపోతోంది. అన్నయ్యకి మొహమాటం ఎక్కువండీ!"

అటు వరసలో నవ్వులు. అదే ఇల్లు, అదే గుమ్మం, అదే నవ్వు. ఆవేళ ఖర్చు తగ్గిందన్నాడు. ఇవాళ పోయేదేముంది అంటున్నాడు.

త్రిమూర్తులు గేటు వైపు చూశాడు. కీర్తి చేతిలో ఫోనుతో నిలబడి ఉంది. పిలవడం లేదు. ఏడవడం లేదు. ఆ పిల్ల చూస్తున్నది బాబాయిని కాదు, తండ్రిని.

ఆకు నిండా ఉంది. ఒక్క మెతుకు కలపలేదు. త్రిమూర్తులు కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచేతి వేళ్ళతో ఆకు ఇవతలి అంచు పట్టుకున్నాడు. తన వైపున్న అంచు.

కామేశ్వరి చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది.

ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. శుభకార్యం భోజనంలో అవతలి అంచు పట్టుకుని ఆకు తన వైపుకి మడుస్తారు. చావు భోజనంలో ఇవతలి అంచు పట్టుకుని అవతలికి మడుస్తారు. త్రిమూర్తులు ఆఖరుసారి అలా మడిచింది ఈ ఇంట్లోనే, కృష్ణవేణి పెద్దకర్మ నాడు.

"అన్నయ్యా, ఏం చేస్తున్నావు?" కృష్ణమోహన్ గొంతులో ఇందాకటి జోరు లేదు.

"నాకు పోయేదేం లేదన్నావు కదా."

"పెళ్ళిల్లు ఇది! తోరణాలు కట్టి ఉన్నాయి. పిల్ల మేడ మీద ఉంది."

"నా పిల్ల గేటు దగ్గరుంది."

"బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది కామేశ్వరి. ఆవిడ కళ్ళు పెళ్ళివారి వరస వైపు పరుగెత్తి వచ్చాయి.

"నా కాళ్ళెందుకమ్మా? ఫోను నీ మొగుడి జేబులో ఉంది."

అటు వరసలో నవ్వులు ఆగిపోయాయి. గణపతి గారు పెరుగన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఇటు వంగి చూశాడు. ఒకసారి ఆకు వైపు, ఒకసారి ఆ వేళ్ళ వైపు.

"ఏంటండీ పెదబావగారూ? భోంచెయ్యకుండా ఆకు పట్టుకు కూర్చున్నారు? వడ్డన సరిపోలేదా?"

"వడ్డన బాగానే ఉందండీ," అన్నాడు త్రిమూర్తులు. "మా తమ్ముడు ఒక ఫోను చెయ్యాలి. మీ అందరి ముందూ. అది అయితే కడుపు నిండా తింటాను."

చీటీ బల్ల మీద పెట్టాడు. నెయ్యి చుక్క దాని అంచున పడి పాకింది.

కృష్ణమోహన్ చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి అక్కడే ఆగింది. చెమట కణతల మీంచి కారుతోంది.

"చెయ్యమంటారా బావగారూ?" అన్నాడు చివరికి, వియ్యంకుడి వైపు తిరిగి, నవ్వబోతూ.

"ఏ ఫోను?" అన్నాడు గణపతి గారు. నవ్వలేదు.

త్రిమూర్తులు తమ్ముడి మొహం మీంచి చూపు తియ్యలేదు. ఆకు అంచు బల్ల మీంచి లేచింది. పులుసు మెల్లగా అవతలికి జారడం మొదలుపెట్టింది.